ఆరేళ్ల పాపను దత్తత తీసుకుంటే మనతో కలిసిపోతుందా? మా ఇంటి అనుభవం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయవాడలో ఉంటున్నారు, మీకు 42, మీవారికి 46, పిల్లలు లేరు. పసిబిడ్డ కావాలంటే ఏళ్లు పడుతుందనీ, ఐదారేళ్ల పిల్లనైతే త్వరగా ఇస్తారనీ ఎవరో చెప్పారు. ఆ వయసు పిల్ల మనతో కలుస్తుందా, ఫోస్టర్ కేర్ (దత్తత కాకుండా కొంతకాలం పెంచే ఏర్పాటు) కింద తెచ్చుకుంటే ఇంకా సులువా, పేరు మార్చుకోవచ్చా, అత్తగారు ససేమిరా అంటున్నారు ఏం చేయాలి అన్నవి మీ సందేహాలు.

మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి ఇంటికొచ్చేనాటికి దానికి ఆరేళ్లు నిండాయి. ఇప్పుడు నాలుగో తరగతి. అందుకని కాస్త ధైర్యంగానే చెబుతున్నాను: త్వరగా వస్తుందన్న ఒక్క కారణంతో పెద్ద పిల్లను అడక్కండి. ఆ పిల్లకు అప్పటికే ఒక జీవితం ఉంటుంది. దానికి మీ ఇంట్లో చోటు ఇవ్వగలమనిపిస్తేనే ముందుకెళ్లండి.

ముందు వయసు లెక్క చూద్దాం, మీ విషయంలో అది ముఖ్యం. భార్యాభర్తల వయసులు కలిపి చూస్తారు. రెండేళ్లలోపు బిడ్డకైతే ఇద్దరిదీ కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల వరకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వరకు 100, ఆ పైన 110. మీ ఇద్దరిదీ కలిపితే 88. అంటే పసిబిడ్డ సంగతి ఎలాగూ లేదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లకు అర్హత ఉంది కానీ ఇంకో ఏడాది గడిస్తే మీది 90 అవుతుంది, ఆపైన అదీ పోతుంది. రిజిస్ట్రేషన్ చేసిన రోజు నాటి వయసే లెక్క కాబట్టి, ఆలోచన స్థిరపడితే ఆలస్యం చేయకుండా కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పోర్టల్‌లో నమోదు చేసుకోండి. ఆధార్, పాన్, పెళ్లి సర్టిఫికెట్, ఆదాయం, ఆరోగ్య పత్రాలు అన్నీ అందులోనే అప్‌లోడ్ చేయాలి. తర్వాత సోషల్ వర్కర్ ఇంటికొచ్చి హోమ్ స్టడీ చేస్తారు. ఆ రిపోర్టు మూడేళ్లు చెల్లుతుంది. కాగితాల గురించి ఇంతకంటే టెన్షన్ పడక్కర్లేదు. ఇల్లు కొనేటప్పుడు తిరిగిన దానితో పోలిస్తే మాకు ఇది చాలా నయం అనిపించింది.

పసిపిల్లల కోసం మూడేళ్లు, అంతకు మించీ ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. ఐదు దాటిన పిల్లల్ని అడిగేవాళ్లు తక్కువ, కాబట్టి కబురు ముందే రావచ్చు. ఇంతవరకూ మీకు చెప్పినవాళ్లు చెప్పింది నిజమే. చెప్పనిది ఏమిటంటే, తీసుకెళ్లి మళ్లీ తిరిగి అప్పగించేసే కేసుల్లోనూ పెద్ద పిల్లలే ఎక్కువ.

కబురు వచ్చినప్పుడు పిల్ల ఫోటో, చైల్డ్ స్టడీ రిపోర్టు, మెడికల్ రిపోర్టు పోర్టల్‌లో కనిపిస్తాయి. 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి. మేము ఆ మెడికల్ రిపోర్టు ప్రింటు తీసుకుని అదే సాయంత్రం కొత్తపేటలో తెలిసిన పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. రక్తం తక్కువ, పళ్లు పాడయ్యాయి, మిగతాదంతా బాగుంది అన్నారు. స్టడీ రిపోర్టులో మాత్రం ఒకటే మాట నాకు గుర్తుండిపోయింది: 'బాగా క్రమశిక్షణ గల బాలిక.' మా ఆయన సంతోషపడ్డారు. అదేమిటో ఇంటికొచ్చాక అర్థమైంది.

పొద్దున్నే లేచి దుప్పటి నాలుగు మూలలూ కలిపి మడత పెట్టి, దాని మీద చేతులు పెట్టుకుని కూర్చునేది, ఎవరో వచ్చి చూసి వెళ్లాలన్నట్టు. టిఫిన్‌కి పిలిస్తే కంచం పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడేది. ఇంట్లో ఉన్నది నలుగురం, వరస ఎవరికోసం? ఒకరోజు ఉతికిన బట్టలు డాబా మీంచి తెచ్చి దాని అరలో సర్దుతున్నాను. అది ఒక్కో గౌనూ తీసి మళ్లీ నా చేతికిచ్చి, "రేపు నాకు ఏది ఇస్తారు మేడమ్?" అని అడిగింది. తను అంతకుముందు ఉన్న హోమ్‌లో ఉతికిన బట్టలన్నీ ఒక కుప్పగా పోస్తారట. కొలత సరిపోయింది ఎవరి చేతికి దొరికితే ఆ రోజుకి అది వాళ్లది. ఇవన్నీ నీవేనని ఎన్నిసార్లు చెప్పినా తలూపేదే కానీ నమ్మేది కాదు. చివరికి చెరగని మార్కర్ పెన్ను కొనిచ్చి, నీవేవో వాటి మీద నువ్వే పేరు రాసుకో అన్నాను. గౌనుల మెడ లోపల, మేజోళ్ల మీద, దువ్వెన మీద, గ్లాసు అడుగున వంకర అక్షరాలతో రాసుకుంది. ఫ్రిజ్ తలుపు మీద కూడా రాసింది. అది ఇప్పటికీ పోలేదు, తుడవాలని నేను పెద్దగా ప్రయత్నించనూ లేదు.

ఆ క్రమశిక్షణ రెండు మూడు నెలలు నడిచింది. తర్వాత ఒక్కసారిగా మంచిపిల్ల వేషం తీసేసింది. అబద్ధాలు, మొండితనం, కోపం వస్తే పుస్తకం చింపేయడం. మా ఆడపడుచు కొడుకుని పన్ను దిగేలా కొరికింది. అన్నం దగ్గర కూర్చుని "నన్ను పంపేయండి, పంపేయండి" అని అరిచేది. ఆ నెలల్లో నేనెంత ఏడ్చానో మా పక్కింటావిడకు తెలుసు. జిల్లా బాలల సంరక్షణ యూనిట్ నుంచి వచ్చే సోషల్ వర్కర్ మాత్రం కంగారు పడలేదు. భయం ఉన్నన్నాళ్లు పిల్లలు బుద్ధిగా ఉంటారనీ, ఇక్కడ ఉంటానన్న నమ్మకం కాస్త కలిగాకే గట్టిగా పరీక్ష పెడతారనీ చెప్పారు. మా ఆయన అయితే ప్రతిసారీ ఒకటే జవాబు: "పంపం. అన్నం తిను." దాన్ని ఒప్పించడానికి పాఠాలేమీ చెప్పలేదు, గొంతు పెంచలేదు. నాకు అంత ఓపిక లేదని ఒప్పుకోవాలి. మీ ఇద్దరిలో అలాంటి మనిషి ఎవరో ముందే తేల్చుకోండి. వీలైతే మొదటి రెండు మూడు నెలలు ఒకరు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి.

ఇంకో విషయం. పిల్ల ఇంటికి రాగానే అంతా అయిపోయినట్టు కాదు. ఐదేళ్లు నిండిన పిల్లైతే తన ఒప్పుదల కూడా తీసుకుంటారు. మీరు సంతకం చేసి పిల్లను తెచ్చుకున్నాక దత్తత ఉత్తర్వు కోసం ఫైలు జిల్లా కలెక్టర్‌కు వెళ్తుంది. 2022 సెప్టెంబర్ 1కి ముందు ఇది కోర్టు పని, ఇప్పుడు కలెక్టరే ఇస్తారు. లాయర్ అవసరం లేదు, ఫైలు దత్తత ఏజెన్సీ (పిల్లను మీకు అప్పగించే సంస్థ), జిల్లా యూనిట్ వాళ్లే పెడతారు. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూసి వెళ్తారు. మనకి ఇవి మామూలు విషయాలు. పిల్లకి కావు. "రేపు ఆఫీసుకి వెళ్లాలి" అని మా ఆయన ఫోన్లో ఎవరితోనో అంటుంటే విని, మా పాప స్కూలు బ్యాగులో రెండు గౌనులూ దువ్వెనా సర్దేసుకుంది. తనకి తెలిసినంతలో ఆఫీసు అంటే ఒకచోటి నుంచి ఇంకో చోటికి మార్చే చోటు. సోషల్ వర్కర్ వచ్చిన రోజున బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకునేది. కాబట్టి ఎవరు ఎందుకొస్తున్నారో, సాయంత్రం అందరం ఏ బస్సెక్కి ఇంటికి తిరిగొస్తామో, రాత్రి ఏం వండుకుంటామో కూడా ముందే చెప్పేయండి.

మీ అత్తగారి సంగతి. హోమ్ స్టడీలో ఇంట్లో ఉన్న పెద్దవాళ్లతోనూ మాట్లాడతారు, అందువల్ల దాచిపెట్టి కానిచ్చేయడం కుదరదు. "ఎవరి రక్తమో, ఏ కులమో" అని మా అత్తయ్య కూడా అన్నారు. కొన్నాళ్లు పోయాక అసలు బెంగ వేరే అని తెలిసింది. పొలం. రేపు అది ఎవరికి పోతుందని. అక్కడ మెత్తగా మాట్లాడి లాభం లేదు. చట్టప్రకారం దత్తత అయిన పిల్లకి కడుపున పుట్టిన పిల్లకున్న హక్కులన్నీ ఉంటాయి, ఆస్తితో సహా. మా ఆయన ఆ మాట తల్లికీ చెల్లెలికీ ఒకేసారి కూర్చోబెట్టి చెప్పారు. ఈ పని మీవారే చేయాలి, కోడలి నోట వస్తే గొడవే. అన్నీ సర్దుకున్నాయని చెప్పను. అత్తయ్య రోజూ దానికి నూనె రాసి రెండు జడలు వేస్తారు, స్కూలు నుంచి ఆలస్యమైతే వీధి గుమ్మంలో నిలబడతారు. అయినా పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే "మావాడు పెంచుకుంటున్న పిల్ల" అనే పరిచయం చేస్తారు. నేను వాదించడం మానేశాను. పిల్ల వినేలా మాత్రం అనొద్దని ఒక్కటే షరతు పెట్టాను, దాన్ని పాటిస్తున్నారు. వ్రతానికి వచ్చిన పురోహితుడు గోత్రం అడిగితే మా గోత్రమే చెప్పాం, ఆయన చదివేశారు, అంతే. "మీకు ఎంత పుణ్యమో" అనే చుట్టాలే నాకు ఎక్కువ చిరాకు. ఆ మాట విన్న ప్రతిసారీ పాప మొహం చిన్నబోతుంది. ఏదో అన్నదానం చేసినట్టు మాట్లాడితే ఏ పిల్లకి బాగుంటుంది?

ఫోస్టర్ కేర్ దగ్గరిదారి అనుకోకండి. అది ఆరేళ్లు దాటి, హోమ్‌లలో ఉంటూ, చూడ్డానికి ఎవరూ రాని పిల్లలకో, కన్నవాళ్లు ఉన్నా పెంచే స్థితిలో లేని పిల్లలకో కొంతకాలం ఒక కుటుంబాన్ని ఇవ్వడానికి పెట్టింది. ఆ దశలో చట్టం దృష్టిలో మీరు తల్లిదండ్రులు కారు. 2024 మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు పెంచాక దత్తతకి అడగొచ్చు, అంతకుముందు ఇది ఐదేళ్లు ఉండేది. కానీ ఆ పిల్లను బాలల సంక్షేమ సమితి దత్తతకి అర్హురాలిగా ప్రకటిస్తేనే. ఈలోగా కన్నతల్లి కోలుకుని తీసుకెళ్తే మీరు నవ్వుతూ పంపగలగాలి. అలా చేయగల వాళ్లంటే నాకు గౌరవం. నావల్ల కాదు. మీ ప్రశ్న చదివితే మీవల్లా కాదేమో అనిపిస్తోంది, తప్పుగా అనుకోకండి.

అసలు దగ్గరిదారి చూపిస్తామని వచ్చేవాళ్లు ఇంకొందరు ఉంటారు. ఫలానా ఆసుపత్రిలో పసిబిడ్డ ఉంది, ఇంత ఇస్తే చాలు అంటారు. విజయవాడలోనే పసిపిల్లల్ని అమ్మే ముఠాలను పోలీసులు పట్టుకున్న వార్తలు మీరూ చూసే ఉంటారు. అమ్మినవాళ్లకే కాదు, కొన్నవాళ్లకీ ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా. బిడ్డను కూడా తీసుకుపోతారు. కారా ద్వారా కట్టే ఫీజు ఎంతో పోర్టల్‌లోనే రాసి ఉంటుంది, దానికి రసీదు వస్తుంది. రసీదు ఇవ్వని డబ్బు ఎవరు అడిగినా అక్కడితో ఆపేయండి. సందేహం ఉంటే కారా హెల్ప్‌లైన్ 1800-11-1311కి చేయండి.

పేరు సంగతి ఒకటి మిగిలింది. మార్చుకోవచ్చు. ఉత్తర్వు వచ్చాక మీ ఇద్దరి పేర్లతో కొత్త జనన ధ్రువపత్రం ఇస్తారు, దాని ఆధారంగా ఆధార్, స్కూలు రికార్డు మారతాయి. మా అత్తయ్య అమ్మవారి పేరొకటి ఎంచిపెట్టారు. నేను పాపనే అడిగాను. ఇప్పుడున్న పేరు శిశుగృహలో తనని చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన ఆయమ్మ పెట్టిందట, అది వద్దంటే ఆవిడకి కోపం వస్తుందని చెప్పింది. అందుకని ఇంటిపేరు మాత్రం మాది చేర్చి, పేరు అలాగే ఉంచాం. అత్తయ్య ఎంచిన పేరుతో ఆవిడే పిలుస్తారు, పాప దానికీ పలుకుతుంది. ఆయమ్మతో దసరా సెలవుల్లో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి ఏజెన్సీ వాళ్లను అడిగి ఫోన్లో మాట్లాడిస్తాం. మీ పిల్లకి అలాంటి మనిషి ఎవరైనా ఉన్నారేమో తీసుకొచ్చే రోజునే అడిగి తెలుసుకోండి. అక్కడ స్టాఫ్ మారిపోతుంటారు, తర్వాత కనుక్కోవడం కష్టం.