పిల్లల చేతిలో ఫోన్ లేకుండానే క్లాసులో టెక్నాలజీ

"భీమిలి వైపు హైస్కూల్లో కొత్తగా చేరాను, ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను, చేతి డబ్బు పెట్టకుండా క్లాసులో ఏ ఆన్‌లైన్ టూల్స్ వాడొచ్చు?" అని అడిగారు కదా మేడం. నేనూ విశాఖ శివారులో జిల్లా పరిషత్ హైస్కూల్ మాస్టారినే, మీ సబ్జెక్టే.

పిల్లల చేతిలో ఫోన్ ఉంటేనే పనిచేసే టూల్ ఎంత గొప్పదైనా మనకి వద్దు. ట్రైనింగుల్లో కహూట్ లాంటి ఆన్‌లైన్ క్విజ్ ఆటలు మనచేత ఆడిస్తారు, సరదాగానే ఉంటుంది. బడికొచ్చాక ఫోన్లేవి? ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతోపాటు చేపల వేటకో, డ్యూటీకో పోతుంది. కాబట్టి మన ఒక్క ఫోనో, బడిలో గోడకున్న పెద్ద టచ్‌స్క్రీన్ ప్యానెలో, పాత ల్యాప్‌టాపో ఉంటే నడిచేవే చూసుకోండి.

మొదట ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద మనమే మార్చి చూసుకునే ప్రయోగాలు. నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పని ఇది. అన్నీ ఉచితం. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. నాకు నచ్చే గుణం ఏంటంటే, ఒక్కో సిమ్యులేషన్ ఒక్కో హెచ్‌టీఎంఎల్ ఫైలుగా డౌన్‌లోడ్ అవుతుంది. ఇంటి దగ్గర పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్తే బడిలో నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.

పదో తరగతి విద్యుత్ పాఠానికి అందులో సర్క్యూట్ కిట్ తీయండి. బ్యాటరీ, బల్బు, వైర్లు కలపగానే ఎలక్ట్రాన్లు నీలం చుక్కల్లా కదులుతాయి. అక్కడే ఆగి, "దీని పక్కన శ్రేణిలో ఇంకో బల్బు పెడితే ఏమవుద్ది?" అని అడుగుతాను. వెంటనే పెట్టను. చేతులెత్తించి ఎవరెటో బోర్డు మీద రాస్తాను. ఎక్కువమంది రెండో బల్బే మసకగా వెలుగుతుందంటారు. ఎందుకురా అంటే, "మొదటిదే కరెంటంతా తాగేత్తాది కదండి!" అప్పుడు రెండో బల్బు పెడతాను. రెండూ ఒకేలా మసకబారతాయి. ఇక గోల. ఆ గోలలోనే పాఠం సగం అయిపోతుంది. ముందు అడగకుండా తెర మీద ఆడించేస్తే మాత్రం అది వాళ్లకి ఇంకో సినిమా.

బ్యాటరీ రెండు కొసలనీ ఒట్టి వైరుతో కలిపితే తెర మీద మంట లేస్తుంది. "అగ్గంటుకుపోనాది సార్!" అని వెనక బెంచీ కూడా లేచి నిలబడుతుంది. షార్ట్ సర్క్యూట్‌ను నిజం సెల్లుతో చేయించకండి, చెయ్యి కాలుతుంది. మిగతాదంతా మాత్రం తర్వాతి పీరియడ్‌లో టార్చి సెల్లు, చిన్న బల్బులతో చేయించాల్సిందే. తెర మీద వైరు ఎప్పుడూ వదులవ్వదు. నిజంలో వదులైనప్పుడే పిల్లాడు వలయం ఎక్కడ తెగిందో వెతుక్కుంటాడు.

రెండోది స్టెల్లేరియం, ఆకాశం చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్. కంప్యూటర్‌లో ఒకసారి వేసుకుంటే నెట్ అక్కర్లేదు. విశాఖ ఇంచుమించు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు, మే 10 ప్రాంతంలోనూ ఆగస్టు మొదటి రోజుల్లోనూ, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. నిలువు కర్రకి నీడ పడదు. మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు! కర్ర పాతి కూర్చుంటే మనకి దొరికేది వాన. స్టెల్లేరియంలో ఊరు విశాఖపట్నం, తేదీ ఆగస్టు 3 అని పెట్టి, గడియారం పన్నెండు దాటిన రెండు మూడు నిమిషాల దగ్గరికి జరపండి. ఢిల్లీకి మార్చి చూపిస్తే, అక్కడ సూర్యుడు ఏ రోజూ నడినెత్తికి రాడని వాళ్లే చెబుతారు.

ప్రభుత్వం వాళ్ల పాఠాల యాప్ దీక్ష మీకు తెలిసే ఉంటుంది, మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న క్యూఆర్ కోడ్‌లు దానివే. వీడియో మొత్తం వేయకండి, భోజనాల తర్వాతైతే సగం క్లాసు నిద్రపోతుంది. రెండు నిమిషాల ముక్క చాలు, అదీ సౌండు ఆపి, మాట మీరే చెప్పండి. జియోజీబ్రా సంగతి మీ లెక్కల మాస్టారికి చెప్పండి, గ్రాఫులకి దాన్ని మించింది లేదు. ప్రశ్నలు రాయడానికి ఏఐ వాడుతున్నారా, లెక్క ఒకసారి చేసి చూడకుండా పిల్లలకి ఇవ్వకండి.

చివరిగా ప్లిక్కర్స్, క్లాసంతటి జవాబులూ ఒకేసారి చూసుకునే యాప్. పిల్లల దగ్గర కాగితం కార్డులు, మన దగ్గర ఒక ఫోను, అంతే సరంజామా. కార్డుని ఏ వైపు పైకి తిప్పి పట్టుకుంటే ఆ జవాబు. ఫోన్ కెమెరా క్లాసు మీద తిప్పితే ఎవరు ఏం చెప్పారో మనకొక్కరికే కనిపిస్తుంది. ఒక్కో కార్డు మీద గుర్తు ఒక్కోలా ఉంటుంది, పక్కవాడిని చూసి తిప్పినా లాభం లేదు. సిగ్గుపడి నోరు విప్పని పిల్లలు కూడా జవాబు చెప్పేది దీంతోనే. మీ ఫోన్‌లో డేటా ఉండాలి. ఉచిత ఖాతాలో ఒక సెట్‌కి ఎక్కువ ప్రశ్నలు పెట్టనివ్వదు, అయినా పీరియడ్ చివర్లో మనం అడిగేది మూడు నాలుగే కదా. కార్డు నంబరే రోల్ నంబరుగా ఇచ్చేయండి. లామినేషన్ చేయించకండి, ట్యూబ్‌లైట్ మెరుపుకి కెమెరా చదవలేదు. మామూలు జిరాక్స్ తీయించి పాత నోటుపుస్తకాల అట్టలకి అంటిస్తే ఏడాదంతా వస్తాయి.