బొత్తాల పేరా బాగుంది, రెండోదే తేలిపోయింది

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. పెద్దాయన చొక్కా బొత్తాలు ఒక్కటీ తప్పకుండా పెట్టుకుంటూ, 'ఇవాళ ఏ వారం?' అని ఐదోసారి అడగడం దగ్గర కాసేపు ఆగిపోయాను. దగ్గరుండి చూసి రాశావని తెలుస్తోంది. తీరా రెండో పేరాకి వచ్చేసరికి 'అల్జీమర్స్‌లో మెదడు కణాలు చనిపోతాయి' అని ఒక్క ముక్కలో తేల్చేశావు, చిరాకేసింది. ఏ కణాలయ్యా? అన్నీ ఒకేసారి పోతుంటే ఆయన వేళ్లు కూడా తడబడాలి కదా!

కణతల లోపలివైపు, కొత్త జ్ఞాపకాల్ని నిలబెట్టే హిప్పోక్యాంపస్‌ను ఆనుకుని ఎంటోరైనల్ కార్టెక్స్ అనే చిన్న ప్రాంతం ఉంటుంది. దాని రెండో పొరలో కణాలు దీవుల్లా గుంపులు కట్టి ఉంటాయి, ఆ గుంపుల వల్లే అక్కడ మెదడు పైభాగాన పులిపిర్ల లాంటి బుడిపెలు ఉంటాయి, జబ్బు ముదిరిన మెదడులో అవి చదునైపోతాయి (ఇలాంటిది రాయవయ్యా, పాఠకుడు మర్చిపోడు). కొత్త సంగతులు హిప్పోక్యాంపస్‌కి చేరే ముఖ్యమైన దారి ఈ కణాలే. లక్షణాలు ఇంకా చాలా స్వల్పంగా ఉన్న దశలోనే ఆ పొరలో దాదాపు 60 శాతం న్యూరాన్లు పోయాయని 1996లో లెక్కపెట్టి చెప్పారు. చేతుల్ని నడిపే మోటార్ కార్టెక్స్ వంతు ఎప్పుడో చివర్లో. ఇప్పుడు నీ బొత్తాలకి అర్థం దొరికిందా?

మరి వీటికే ఎందుకీ గతి? ఇక్కడ కొత్తవాళ్లు మెదడులో పేరుకునే ప్రోటీన్ అయిన అమిలాయిడ్‌ని పట్టుకుని కేసు మూసేస్తారు. కానీ అమిలాయిడ్ ఫలకాలు ముందు కనిపించేది మెదడు పైపొరలో ఎక్కువ భాగమైన నియోకార్టెక్స్‌లో, ఈ కణాల్లో ముందుగా పేరుకునేది టౌ ప్రోటీన్. అది కూడా ఇంతకంటే ముందే మెదడుకాండంలో లోకస్ సెరూలియస్ అనే బుల్లి కణాల గుంపులో కనిపిస్తుంది. ఒకే ప్రాంతంలో పక్కపక్కనే ఉన్నా అన్ని కణాలదీ ఒకే దారి కాదు, ఆర్‌ఓఆర్‌బీ అనే జన్యువు గుర్తుగా ఉన్న ఉత్తేజక న్యూరాన్లే ఎంటోరైనల్ కార్టెక్స్‌లో ముందుగా తగ్గిపోతున్నాయని 2021లో బయటపడింది. పొడవాటి ఆక్సాన్లు (కణం నుంచి సంకేతాల్ని మోసే తీగలు), వాటిని పోషించడానికి కావాల్సిన బోలెడు శక్తి, కాల్షియం లెక్క తప్పడం, వీటి మీద అనుమానం ఉంది. అనుమానాన్ని అనుమానంగానే రాయి, 'తేలింది' అని రాయకు.

రెండో పేరా కొట్టేసి బొత్తాల దగ్గర్నుంచే మళ్లీ మొదలుపెట్టు, ఆదివారంలోగా పంపు. 'సైలెంట్ కిల్లర్' అనే మాట మాత్రం ఈసారి నా కంట పడకూడదు.