బాక్సింగ్‌లో టైమ్‌కీపర్ పని గంట కొట్టడమేనా? ఫోన్‌లో అలారం పెట్టుకుంటే చాలదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చుని ఉండరు. నేను కూర్చున్నానండి. అచ్చం ఫోను లాగే పనిచేసి పరువు పోగొట్టుకున్నాను కూడా.

పాలకొల్లు దగ్గర ఓ కాలేజీ మైదానంలో అమెచ్యూర్ పోటీలు. షామియానా కింద రింగు. రావాల్సిన గంట రాలేదు. పక్కనున్న హైస్కూల్లో వేలాడే రైలుపట్టా ముక్క విప్పుకొచ్చి వెదురు గెడకి కట్టారు. "లెక్కల మాస్టారు కదండీ, టైము మీరే చూసుకోండి" అని డ్రిల్లు మాస్టారు నా చేతిలో స్టాప్‌వాచ్ పెట్టేశారు. మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో నిమిషం విరామం. ఇందులో ఏముందిలే అనుకున్నాను.

రెండో రౌండు ఆఖర్లో ఓ కుర్రాడు దెబ్బతిని పడ్డాడు. రిఫరీ లెక్కపెడుతున్నాడు, పది లోపు లేవకపోతే ఓడినట్టే. నిజానికి ఆ సెకన్లు వేళ్లతో చూపించాల్సింది నేనే. నా కళ్లేమో వాచీలో ఉన్నాయి. మూడు నిమిషాలు నిండగానే ఠంగుమని కొట్టేశాను. పడినవాడి తాలూకు మనుషులు స్టూలు, నీళ్ల సీసా పట్టుకుని రింగులోకి ఎక్కేశారు. లెక్క ఇంకా ఆరు దగ్గరే ఉంది! అవతలివాళ్లు ఒకటే గోల. రిఫరీ వాళ్లందరినీ దింపి నావైపు ఓ చూపు చూశాడు. ఆ చూపు పగవాడికి కూడా వద్దు.

లెక్క నడుస్తుండగా టైము అయిపోయినా గంట కొట్టకూడదట. పడినవాడు లేచి, రిఫరీ 'బాక్స్' (మళ్లీ ఆడండి) అన్నాకే కొట్టాలట. ఆఖరి రౌండు సంగతి వేరే. మీ ఫోనుకి ఇదంతా ఎవరు చెబుతారు? మధ్యలో రిఫరీ 'టైమ్' అంటే వాచీ ఆపాలి. రౌండుకి పది సెకన్ల ముందు కార్నర్ వాళ్లని, అంటే స్టూలు, నీళ్లు పట్టుకొచ్చే బాక్సర్ల మనుషుల్ని, కిందికి దిగమనాలి. చూడాల్సింది వాచీని ఒక్కదాన్నే కాదండి, రిఫరీ నోటిని కూడా.

1927లో చికాగోలో ఏమైంది? హెవీవెయిట్ ఛాంపియన్ టన్నీకి, మాజీ ఛాంపియన్ డెంప్సీకి పోటీ. ఏడో రౌండులో టన్నీ పడ్డాడు. పడగొట్టినవాడు న్యూట్రల్ కార్నర్‌కి, అంటే ఇద్దరిదీ కాని మూలకి, వెళ్లాకే లెక్క మొదలవ్వాలి. డెంప్సీ అలా పోకుండా అక్కడే నిలబడ్డాడు, దాంతో రిఫరీ లెక్క ఆలస్యమైంది. టైమ్‌కీపర్ బల్ల దగ్గర లెక్క ఒకటి, రింగులో లెక్క ఇంకొకటి. టన్నీ తొమ్మిదికి లేచి, చివరికి పాయింట్ల మీద నెగ్గాడు. వందేళ్లు కావస్తున్నా జనం ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు. సంక్రాంతికి బరి దగ్గర కోడిపుంజుల మీద పైసాతో సహా లెక్క తేల్చే మనవాళ్లకి మాత్రం ఈ పదంకెల లెక్క పట్టదు.

ఇంకో మాట. ఆ సాయంత్రం రిబ్బను కత్తిరించడానికి వచ్చినాయన డ్రైవరుకి కూడా శాలువా కప్పారు. నాకు టీ కూడా రాలేదు. అడిగితే "మీరు గంట దగ్గరున్నారు కదండీ" అన్నారు.

సోమవారం ఆ పట్టా మళ్లీ బడికి చేరింది. అటెండరు దానికి తాడు కడుతూ, "ఏవండీ మాస్టారూ, మా గంట ముందే కొట్టేశారంట కదా?" అన్నాడు. ఊరంతా తెలిసిపోయిందన్నమాట.