గొంతు విని గుర్తుపట్టారు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. ఆరేళ్లుగా మా మండలంలోని కమ్యూనిటీ రేడియోలో రిపోర్టర్‌గా పనిచేస్తున్నాను. మా ప్రసారాలు రాత్రి 7 నుంచి 9 వరకు. బతుకమ్మ పండుగ ముందు భర్త చనిపోయిన ఆడవాళ్ల కష్టాల మీద ఒక కార్యక్రమం చేశాను. మా వాడకట్టులోనే ఉండే, నాకు అక్క వరుసయ్యే తోడికోడలు అందులో మాట్లాడింది. భర్త పోయాక బావగారు పొలంలో అడుగు పెట్టనివ్వడం లేదని చెప్పింది. కాగితం మీద సంతకం కూడా చేసింది. పేరు ఎక్కడా చెప్పలేదు. అయినా ఆమె గొంతు, వెనకాల వినిపించే పిండిగిర్ని చప్పుడు విని అందరూ గుర్తుపట్టారు. ఆ బావగారు మా ఇంటి ముందుకొచ్చి నానా మాటలన్నాడు. అక్క పుట్టింటికి వెళ్లిపోయింది, నా ఫోన్ ఎత్తడం లేదు. మా అత్తమ్మ ‘ఇంటి గుట్టు తీస్కపోయి మైకుల పెట్టినవ్’ అంటూ సాయంత్రం పిల్లల్ని చూడడం మానేసింది. నా భర్త ఉద్యోగం మానెయ్యమంటున్నాడు. సంతకం ఉంది కాబట్టి నా తప్పు లేదని స్టేషన్‌లో అంటున్నారు. అత్తమ్మ పాటలు బాగా పాడుతుంది, ఒకసారి రికార్డు చేసి వేస్తే మెత్తబడుతుందేమో అనుకుంటున్నాను. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అచ్చు వేసే ముందు, మిమ్మల్ని గానీ మీ అక్కను గానీ పట్టించే వివరాలు ఇంకేమైనా మిగిలాయా అని మూడోసారి చూశాను. ఊరు పేరు, రేడియో పేరు తీసేశాను, మరికొన్ని సంగతులు మార్చాను. మీ కార్యక్రమానికి అవసరమైంది ఇలాంటి మూడోసారే.

స్టేషన్ వాళ్లన్న మాటతో నేను ఏకీభవించలేను. సంతకం స్టేషన్‌ను కాపాడుతుంది. మీ అక్క ఆ రోజు మాట్లాడింది స్టేషన్‌తో కాదు, పక్కింటి చెల్లెతో. చేతిలో రికార్డరు ఉన్నా, ఆరేళ్లుగా అది మీ చేతిలో చూసి చూసి ఆమె కంటికి ఆనలేదు. ‘సంతకం పెట్టక్కా’ అంటే మీ మొహం చూసి పెట్టింది. తన మాట ఎక్కడెక్కడ మోగుతుందో, తన బావ ఏ చెట్టు కింద కూర్చుని వింటాడో ఆమె ఊహలోకి వచ్చి ఉండదు. మీ ఊహలోకి రావాల్సింది.

పేరు తీసేస్తే మనిషి దాగుతుందనేది పెద్ద పట్నాల పత్రికలకు చెల్లే లెక్క. మీలాంటి రేడియోలకు ఉన్నది 100 వాట్ల ప్రసార శక్తికి అనుమతి. వినపడేది పది, పదిహేను కిలోమీటర్లు. ఆ దూరంలో గొంతే పేరు. దగ్గు కూడా పేరే. పిండిగిర్ని చప్పుడైతే ఇంటి నంబరుతో సమానం. గొంతు మార్చి వేయొచ్చు, ఆమె మాటల్ని మీరే మీ నోటితో చెప్పొచ్చు, మరో మండలం మనిషి కథ తీసుకోవచ్చు. ఇవేవీ తెలియనివారు కారు మీరు. పండుగ దగ్గర పడుతోంది, మనిషి దగ్గర్లో ఉంది, అంతే జరిగి ఉంటుంది. ఇది దుర్మార్గమని నేననను, తొందరపాటు. దాని ఖరీదు మాత్రం ఆమె కడుతోంది.

అందుకే ముందు ఆమె దగ్గరికి వెళ్లండి. పుట్టింటికే వెళ్లండి, ఒక్కరే వెళ్లండి. రికార్డరు సంచి ఇంట్లో పెట్టి వెళ్లండి. ‘నువ్వే ఒప్పుకున్నవ్ గదక్కా’ అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది, మింగెయ్యండి. ‘వేసే ముందు నీకు వినిపించాల్సింది, వినిపించలే, తప్పు నాది’ అని చెప్పి ఊరుకోండి. తిడితే తిట్టనివ్వండి. మాట్లాడకపోతే కాసేపు కూర్చుని వచ్చేయండి, పది రోజులాగి మళ్లీ వెళ్లండి.

కార్యక్రమం మళ్లీ వేయకుండా చూస్తానని మాట ఇవ్వండి. స్టేషన్‌తో ముందే తేల్చుకుని ఆ మాట ఇవ్వండి. పూర్తిగా చెరిపేస్తానని మాత్రం అనకండి. ప్రసారమైన ప్రతి కార్యక్రమాన్ని మూడు నెలలు భద్రపరచాలని నిబంధన ఉంది. నిలబెట్టుకోలేని మాట ఇంకొకటి ఆమెకు ఇవ్వొద్దు.

పొలం సంగతి ఆమె ఎత్తితేనే మాట్లాడండి. ఎత్తితే చేతనైనంత గట్టిగా నిలబడండి, ఎందుకంటే ఆమె చెప్పిన కష్టం నిజం, అది మీ రేడియో వల్ల పుట్టింది కాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా భర్త పోతే అతని వాటాలో భార్యకు, పిల్లలకు, బతికి ఉంటే అతని తల్లికి సమానంగా హక్కు ఉంటుంది. వీళ్లుండగా అన్నకు అందులో భాగం రాదు. ఫౌతి కోసం, అంటే పోయినాయన భూమిని వారసుల పేరు మీదికి మార్చడానికి, ఎమ్మార్వో ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంట్లోంచి వెళ్లగొట్టాలని చూస్తే 2005 గృహహింస చట్టం అత్తింట్లో ఉండే హక్కు ఇస్తుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. అత్యవసరమైతే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. ఇవి ఒక కాగితం మీద రాసి ఆమె చేతికిచ్చి రండి. ఎప్పుడు వాడాలో, అసలు వాడాలో వద్దో ఆమె ఇష్టం. ఆమె గెలిచినా సరే, దాని మీద రెండో కార్యక్రమం చేయకండి.

ఇక మీ ఇల్లు. మీ అత్తమ్మ కోపం ఈ కార్యక్రమంతో మొదలైందని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. మీ ప్రసారాల వేళ రాత్రి 7 నుంచి 9 అని మీరే రాశారు. అంటే పొయ్యి దగ్గర పని, పిల్లల అన్నం, హోంవర్కు, నిద్ర, అన్నీ ఆ రెండు గంటల్లోనే. ఆరేళ్లుగా అవి ఆమె మీద పడ్డాయి. మీ ఉత్తరంలో ఆ సంగతి ఒక్క వాక్యంలో వచ్చిపోయింది, అదీ ఆమె మానేసిందన్న ఫిర్యాదుగా. మన ఇళ్లలో ఒక ఆడమనిషి గడప దాటి పనికి పోతోందంటే చాలాసార్లు ఇంకో ఆడమనిషి నడుము వంచి మోస్తోందని అర్థం. ఆ మోసే ఆమెకు ‘నీకు కష్టంగా ఉందా అత్తమ్మా’ అనే ప్రశ్న కూడా దక్కకపోతే, ఏదో ఒక రోజు ఇంటి గుట్టు పేరుతో అది బయటపడుతుంది.

పాటలు రికార్డు చేసే ఆలోచన ఇప్పుడు మానుకోండి. దెబ్బ తగిలిన చోట మైకు పెట్టి మందు రాయలేరు. ఆమెకు కావాల్సింది సాయంత్రాలు. వారంలో మూడు రోజులు పగటి పనే ఇమ్మని స్టేషన్‌ను అడగండి. మిగిలిన రోజుల్లో వంట మీ భర్త చూడాలి. అతన్ని కూర్చోబెట్టి ‘ఉద్యోగం సంగతి నెల తర్వాత మాట్లాడుకుందాం, సాయంత్రాల సంగతి ఈ రోజు మాట్లాడదాం’ అని అడగండి. ఆ బావగారు మళ్లీ ఇంటి మీదికొస్తే ఎదురు నిలబడాల్సిందీ అతనే. అన్న వరుస మనిషి కదా అని అతను తల వంచుకుంటే, తప్పంతా మీదేనని ఊరు ఖాయం చేసుకుంటుంది.

ఉద్యోగం ఇప్పుడు మానొద్దు. సిగ్గుతో మానేస్తే అక్కకు ఒరిగేదేమీ లేదు. పైగా ఆడవాళ్లు నోరు విప్పితే ఇదే గతి అనే పాఠం ఊళ్లోని ఆడపిల్లలకు మిగులుతుంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే వీలు 2006లో గానీ రాలేదు. 2008 అక్టోబరులో జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో మొదలైనప్పుడు దళిత ఆడవాళ్లు తమ యాసలోనే, తమ పంటల గురించి, తమ పాటలతో మాట్లాడారు. అలాంటి పనిలో మీరున్నారు. దాన్ని ఇంకా జాగ్రత్తగా చేయండి.

స్టేషన్‌లో ఒక పద్ధతి పెట్టించండి. ఇంటి సంగతులు చెప్పిన ఎవరికైనా సరే, ఎడిటింగ్ అయ్యాక మొత్తం వినిపించాలి. వినిపించాక ఒక రాత్రి గడవాలి. తెల్లారి వాళ్లు ‘వద్దు’ అంటే ఎందుకని అడగకుండా తీసేయాలి. ఆ రోజు ప్రసారంలో ఖాళీ వస్తే పాట వేసుకోండి.

అక్క దగ్గరికి మాత్రం ఈ వారంలోనే వెళ్లండి. పుట్టింట్లో ఉన్నప్పుడైతే ఆమె మీతో కాస్త స్వేచ్ఛగా మాట్లాడగలదు, తిరిగి వచ్చాక బావగారి కళ్లు రెండు గుమ్మాల మీదా ఉంటాయి.