అమెరికాలో లాభాల కోసం నడిచే కాలేజీలకు ‘90/10 రూల్’ ఎందుకు పెట్టారు?

కాలేజీ పూర్తిగా సర్కారు సొమ్ము మీదే బతక్కూడదని. ఇలాంటి కాలేజీ ఫీజుల ఆదాయంలో ఫెడరల్ సాయం (అక్కడి కేంద్ర ప్రభుత్వం విద్యార్థులకిచ్చే గ్రాంట్లు, అప్పులు) 90 శాతం దాటకూడదు, మిగతాది బయటి నుంచి రావాలి. చదువులో పస ఉంటే సొంత జేబులోంచి కట్టేవాళ్లు కొందరైనా ఉంటారు కదా అన్నది లెక్క. 1992లో ఈ పరిమితి 85 శాతం. 1998లో 90కి సడలించారు.

అసలు కిటుకంతా ఆ పది శాతంలోనే ఉంది. మాజీ సైనికుల చదువుకిచ్చే జీఐ బిల్ డబ్బు ప్రభుత్వానిదే అయినా, దాన్ని ‘బయటి సొమ్ము’గా లెక్కేసేవారు. అంటే ఆ ఖాతాలో 10 డాలర్లు వస్తే ఇంకో 90 డాలర్ల ఫెడరల్ సాయం తీసుకునే వీలు దొరికినట్టే. ఇంకేం, విద్యార్థుల్ని చేర్పించే కాలేజీల రిక్రూటర్లు సైనికుల వెంట పడ్డారు. 2021లో చట్టం మార్చి, 2023 నుంచి ఆ డబ్బునూ 90 వైపే కలిపారు. వరసగా రెండేళ్లు గీత దాటితే కనీసం రెండేళ్లు సాయం బంద్.

నా మటుకు ఈ రూల్ సగం వైద్యమే. డబ్బు ఎక్కడిదో చూస్తుంది గానీ చదువు ఎలా ఉందో చూడదు. విద్యార్థి ఎక్కువ వడ్డీకి బ్యాంకులో ప్రైవేటు అప్పు చేసి కట్టినా అది పది శాతంలోకే వస్తుంది. ఫెడరల్ సాయం దొరకని మన ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) పిల్లలు కట్టే ఫీజూ అంతే.