బాడీ కిట్‌ని కారులో కలిపేయాలా? కొన్నాళ్లు బోల్టుల మీదే తిప్పండి

కారు అందం కోసం బయట బిగించే బంపర్లు, సైడ్ స్కర్టుల్లాంటి భాగాలే బాడీ కిట్. ఆ కిట్‌కీ బాడీకీ మధ్య గీత కనపడకుండా మోల్డ్ చేయించాలా, అంటే అతికించి ఒకటిగా కలిపేయించాలా, బోల్టులతో వదిలేయాలా అని అడిగారు. నేను ఒకసారి చేయించాను, మళ్లీ చేయించను. బంపర్లకైతే అసలే వద్దు.

నాది ఫైబర్ కిట్. సైడ్ స్కర్టుల్ని, అంటే తలుపుల కింద పొడవునా ఉండే పట్టీల్ని, రేకుతో కలిపించి, అతుకు మీద పుట్టీ పెట్టించి రంగు వేయించాను. కొత్తలో చేత్తో నిమిరితే రేకు ఎక్కడ ఆగిందో, ఫైబర్ ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. నాలుగో నెలలో ఒక రాత్రి టైరు పంక్చరైంది. జాకీ తిప్పుతుంటే వెనక చక్రం దగ్గర 'టిక్'మంది. టార్చి వేసి చూస్తే అతుకు వెంబడే జానెడు పొడవున వెంట్రుకంత గీత. వేలు పెడితే అంచు తగిలింది. వానలు వెళ్లేసరికి ఆ గీత చుట్టూ రంగు పొక్కిపోయింది. గోటితో గీరితే కింద ఎర్రగా తుప్పు!

జాకీతో ఒక మూల లేపితే బాడీ కొద్దిగా మెలి తిరుగుతుంది, గతుకుల్లోనూ అంతే. రేకు ఒకలా వంగుతుంది, ఫైబర్ ఇంకోలా. మధ్యలో ఉన్న పుట్టీ వంగదు, పగులుతుంది. ప్లాస్టిక్ కిట్‌కి ఎండే చాలు. వేడి 40 డిగ్రీలు పెరిగితే మీటరు ఉక్కు అర మిల్లీమీటరు సాగుతుంది, ఏబీఎస్ ప్లాస్టిక్ 3 నుంచి 4 మిల్లీమీటర్లు సాగుతుంది. కంపెనీవాళ్లు బంపర్ చుట్టూ సందు వదిలేది చేతకాక కాదండీ.

పుట్టీ అంటే గుర్తొచ్చింది. 3 మిల్లీమీటర్లు మించకూడని దాన్ని కొందరు గోడకి మట్టి మెత్తినట్టు మెత్తుతారు. నా కారుకి ఒకచోట వేలి మందాన పెచ్చు ఊడొచ్చింది. ఆకారం ఫైబర్ మ్యాట్ (గాజునారతో చేసిన గుడ్డ), దాన్ని గట్టిపరిచే రెజిన్‌తో రావాలి, పుట్టీ నునుపు కోసమే. పైన రంగు మెరిస్తే లోపల ఎవరు చూస్తారని వాళ్ల ధీమా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇక ముందు బంపర్. చాలా కార్లలో హెడ్‌లైటు విప్పాలంటే ముందు బంపర్ ఊడదీయాలి. దాన్ని ఫెండర్లతో, అంటే ముందు చక్రాల మీదుండే రేకులతో, కలిపేశాక ఎలా ఊడదీస్తారు? కోయాల్సిందే. పార్కింగులో చిన్న దెబ్బ తగిలినా బంపర్‌తో పాటు రెండు ఫెండర్లకీ రంగు పని.

మీ కిట్‌ని ఒక ఎండాకాలం, ఒక వానాకాలం బోల్టుల మీదే తిప్పండి. అప్పటికీ ఆ గీత కంట్లో నలుసులా ఉంటే స్కర్టుల వరకే కలిపించండి. జాకీ పెట్టే చోట్లు మూసేయొద్దని పని మొదలుపెట్టకముందే చెప్పండి.