క్యాబేజీ మెత్తగా ఉడికించేశాక అందులో ఇంకేం మిగులుతుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. థైరాయిడ్ తక్కువగా ఉందని మూడేళ్లుగా మాత్ర వాడుతున్నాను. మా ఇంట్లో క్యాబేజీని బాగా మెత్తబడేదాకా ఉడికించి, కొబ్బరి వేసి వండుతాం. అలా వండితే సత్తువంతా పోతుందని, పచ్చిగా తింటేనే లాభమని మా అమ్మాయి అంటోంది. పచ్చిది తింటే నాకు కడుపుబ్బరం. పైగా థైరాయిడ్ ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదని తెలిసినవాళ్లు చెబుతున్నారు. నెల కిందట పంటి ఇన్ఫెక్షన్‌కి యాంటీబయాటిక్స్ వాడాక గ్యాస్ ఇంకా ఎక్కువైంది. క్యాబేజీ మానేయమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మానేయకండమ్మా. మీ అమ్మాయి మాటలో నిజం ఉంది కానీ, వండిన క్యాబేజీ కథ పొయ్యి మీదే అయిపోదు. మిగతాది మీ పెద్దపేగులో నడుస్తుంది.

క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, బ్రకోలీ, ఆవాలు అన్నీ ఒకే కుటుంబం. వీటిలో గ్లూకోసినోలేట్లు అనే గంధకం కలిసిన పదార్థాలు ఉంటాయి. వాటిని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైము కూడా ఆ మొక్కలోనే వేరే అరలో దాగి ఉంటుంది. కత్తిపీట మీద తరిగినా, పంటితో నమిలినా అరలు చితికి రెండూ కలుస్తాయి. అప్పుడు పుట్టేవే ఐసోథయోసయనేట్లు. ఆవాలు నూరితే ముక్కుకెక్కే ఘాటు, పచ్చి ముల్లంగి కొరికితే నాలుక చురుక్కుమనడం వీటి పనే. బ్రకోలీలో పుట్టే సల్ఫోరఫేన్ కూడా ఈ జాతిదే. హానికర పదార్థాలను బయటికి పంపే మన శరీరంలోని ఎంజైములను ఇవి చురుగ్గా చేస్తాయి. క్యాన్సర్ రాకుండా ఆపుతాయని మాత్రం మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు. ఆ పేరు చెప్పి అమ్మే మాత్రలకు డబ్బు పోయకండి.

మెత్తగా ఉడికిస్తే మైరోసినేజ్ పనికిరాకుండా పోతుంది. గ్లూకోసినోలేట్లు మాత్రం, ఉడికిన నీళ్లు పారబోయకపోతే, చాలావరకు కూరలోనే ఉంటాయి. అవి పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా అందుకుంటాయి. గ్లూకోసినోలేటుకు ఒక గ్లూకోజు ముక్క అతుక్కుని ఉంటుంది. బ్యాక్టీరియా దాన్ని తెంచుకున్నప్పుడు మిగిలిన భాగం విడిపోయి, కొంత ఐసోథయోసయనేటుగా మారి మన రక్తంలోకి వస్తుంది.

నెదర్లాండ్స్‌లో ఎనిమిది మంది మగవాళ్లకు 200 గ్రాముల బ్రకోలీని ఒకసారి పచ్చిగా, మరోసారి ఉడికించి పెట్టి చూశారు. 2008లో వచ్చిన ఆ ఫలితాల్లో, పచ్చిదాని నుంచి 37 శాతం సల్ఫోరఫేన్ ఒంటికి పడితే, ఉడికినదాని నుంచి 3.4 శాతమే పడింది. రక్తంలో అది గరిష్ఠానికి చేరడానికి పచ్చిది తిన్నప్పుడు గంటన్నర పైచిలుకు పట్టింది, ఉడికినది తిన్నప్పుడు ఆరు గంటలు. ఆ ఆలస్యమే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. తిండి పెద్దపేగు దాకా వెళ్లి, బ్యాక్టీరియా చేతిలో పడ్డాకే పని జరిగిందన్నమాట. అంతకుముందు 1998లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ శాస్త్రవేత్తలు మరో సంగతి చూపించారు. పేగులను శుభ్రం చేసి, యాంటీబయాటిక్స్ ఇచ్చి బ్యాక్టీరియాను తగ్గిస్తే ఈ మార్పు దాదాపు ఆగిపోయింది. మీరు వాడిన యాంటీబయాటిక్ కూడా మీ పేగు బ్యాక్టీరియాను కొంత దెబ్బతీసి ఉంటుంది. అవి చాలావరకు కోలుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. వాటికి తిండి పీచే కాబట్టి పప్పులు, ఆకుకూరలు, జొన్నలు కొద్దికొద్దిగా పెంచుకోండి.

మీ ఇంట్లో ఆవపెట్టిన కూర అలవాటుంటే క్యాబేజీకి అంతకంటే మంచి వంట లేదని నా అభిప్రాయం. తాలింపులో చిటపటలాడిన ఆవాల్లో ఎంజైము మిగలదు. పచ్చి ఆవాలు నూరి, కూర దించి చల్లారాక కలిపితే మాత్రం పోయిన మైరోసినేజ్ తిరిగి వచ్చినట్టే. 2018లో బ్రిటన్‌లో ఉడికిన బ్రకోలీకి ఆవపొడి కలిపి పెట్టినప్పుడు, ఒంటికి పట్టిన సల్ఫోరఫేన్ నాలుగు రెట్లకు పైగా పెరిగింది. మన పెద్దవాళ్లు రుచి కోసమే పెట్టి ఉంటారు, కానీ ఈ ఫలితం చూసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

ఇక గ్యాస్ సంగతి. క్యాబేజీలో రాఫినోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించే ఎంజైము మనకు లేదు, బ్యాక్టీరియా పులియబెడతాయి, గాలి పుడుతుంది. వాసనకు కారణం గంధకం. మీరు పచ్చిది వదిలేసి, ఉడికించిన కూరనే పావు కప్పుతో మొదలుపెట్టి, వారం వారం కొంచెం పెంచండి.

థైరాయిడ్ గురించి టెన్షన్ వద్దు. ఈ కూరల్లోని కొన్ని పదార్థాలు అయోడిన్‌కు అడ్డుపడే మాట నిజమే. అయితే న్యూయార్క్‌లో 88 ఏళ్ల ఒక పెద్దావిడ థైరాయిడ్ బాగా పడిపోయి ప్రమాదంలో పడింది, నెలల తరబడి రోజూ కిలో నుంచి కిలోన్నర పచ్చి బోక్‌చోయ్ (క్యాబేజీ కుటుంబంలోని చైనా ఆకుకూర) తిన్నాక. అయోడిన్ ఉప్పు వాడుతూ, వారానికి రెండు మూడుసార్లు వండిన క్యాబేజీ తినే మీకు ఆ భయం లేదు. మాత్ర మాత్రం పరగడుపునే వేసుకుని, అరగంట నుంచి గంట తర్వాతే కాఫీ తాగండి.

గ్యాస్‌తో పాటు బరువు తగ్గడం, మలంలో రక్తం, రక్తహీనత ఉన్నా, విరేచనం తీరు మారి అలాగే ఉండిపోయినా కూరను అనుమానించి ఊరుకోకండి, పరీక్ష చేయించుకోవాలి. రోజుకు మూడుసార్లు, అంతకంటే ఎక్కువ నీళ్ల విరేచనాలు అవుతూ జ్వరమో కడుపునొప్పో ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి, యాంటీబయాటిక్ వాడిన సంగతి ముందుగా చెప్పండి.